మగోళ్లు గోడ దిక్కు, ఆడోళ్లు ఇటు దిక్కు

2011, సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నర. మాదాపూర్‌ల ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు కాడ నేను లేడీ గార్డును. ఫ్రిస్కింగ్ నా పని, అంటే లోపలికొచ్చే ఆడోళ్ల ఒళ్లు తడిమి చూసుడు. నలభై దాటినంక అక్షరాలు దిద్దినదాన్ని, తప్పులుంటే ఉండనీయండి.

ముందురోజు ఊరేగింపుల ఎవడో రాయి విసిరితే మా రిసెప్షన్ అద్దం పగిలింది. ఎవడో తెల్వదు. ఊరేగింపు పక్క బస్తీ నుంచి వచ్చిందని, ఆ బస్తీ హౌస్‌కీపింగ్ వాళ్లందర్నీ గేటు బయటనే ఆపి సోదా చెయ్యమన్నడు అడ్మిన్ మూర్తి సారు. రాయి కొట్టినోని పేరు చెప్పకపోతే అందరి నౌకర్లూ పోతయన్నడు.

నేను రోజూ చెప్పే మాటే చెప్పిన. "మగోళ్లు గోడ దిక్కు, ఆడోళ్లు ఇటు దిక్కు!"

"రాయి మా కొంగుల ముడేసుకొచ్చినమా ఏందక్కా?" అని వరుసల నిలబడ్డ యాదమ్మ నవ్వింది.

అప్పుడే కారు దిగిన గ్రీసు దేశం క్లయింటు, ఎలెనీ మేడం, నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఆడోళ్లు, మగోళ్లు ఏరుగ నిలబడ్డ వరుసలనే చూస్తున్నది. ఏం జరుగుతున్నదని అడిగింది. రిసెప్షన్ పిల్ల శిరీష ఇంగ్లీషుల అంతా చెప్పింది. మేడం ఆగకుండ మాట్లాడుతుంటే, ఈ పిల్ల నాకు తెలుగుల చెప్పింది.

"హిట్లర్ సైన్యం మేడం వాళ్ల దేశాన్ని ఏలుతున్నప్పుడు, కొండల్లో ఎవరో జర్మన్ సైనికుల్ని చంపారటండి. సైన్యం వీళ్ల ఊరొచ్చి అందర్నీ బడి ముందుకి పిలిచి, మగవాళ్లొక పక్క, ఆడవాళ్లొక పక్క అన్నారట. మగవాళ్లందర్నీ కాల్చేశారు. మేడం మేనమామకి ఇంకా మీసాలు కూడా రాలేదటండి. వీళ్లమ్మ చిన్నపిల్ల, ఆడవాళ్ల వైపు నిలబడి బతికింది."

"చంపినోడు దొరకలేదా?"

నేనన్న మాట శిరీష మేడంను అడిగి చెప్పింది. "వెతకనే లేదటండి."

యూదుల్ని పుట్టుక చూసి చంపిన్రని టీవీల ఇన్న. ఎవడో చేసిన పనికి ఊళ్లకు ఊళ్లను కాల్చిన్రని మాత్రం ఆరోజే తెలిసింది. ఎతకకుండనే!

అక్కడ పోయింది పానం, ఇక్కడ పోయేది నౌకరి. రెండూ ఒకటి కాదు. అయినా ఆ మాట మళ్ల నా నోటికి రాలేదు. అంతల మూర్తి సారు వచ్చిండు.

"ఏమ్మా, రాయి విసిరిందెవరో చెప్పారా?"

"సార్, కొట్టినోణ్ని ఎతుకుండ్రి, దొరికితే నేనే పట్టిస్త. వీళ్లను మాత్రం ఆపను."

"నీకు ఉద్యోగం చెయ్యాలని లేదా?"

"ఉంది. తీసేస్తే నన్నొక్కదాన్నే తీసెయ్‌రి."

ఆయన ఎలెనీ మేడం దిక్కు చూసిండు. ఆమె నా చెయ్యి ఇంకా వదల్లేదు. సారు లోపలికి పోయిండు. నేను గేటు తీసిన.

ఆనాటి నుంచి ఎవరన్నా "ఆ బస్తీవాళ్లు" అంటే, ఎవరు, పేరేంది అని అడుగుత. ఆ రోజు గేటు కాడ ఉన్నది యాదమ్మ, ఆమె కోడలు లక్ష్మి, తోటమాలి నర్సింగ్, బాత్రూములు కడిగే ఖాజా, రిసెప్షన్ శిరీష, ఎలెనీ మేడం, మూర్తి సారు, నేను సత్తెమ్మ.