తీసేసిన ఊపిర్లు

పెదపాడు పక్కన మా ఇంటి చుట్టూ చేపల చెరువులే. ఏ వేళ కిటికీ తీసినా ఏరేటర్ల హోరు. ఆ యంత్రాలు నీళ్లను చిలికి చేపలకు గాలి అందిస్తాయి, ఆగితే తెల్లారేసరికి చేపలు తేలిపోతాయి, అందుకని ఆపరు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికే నాకు ఆ హోరు అలవాటైపోయింది గానీ మైకుకు అలవాటు కాదు. అందుకే మా అక్క పాటలు రికార్డు చేయాలనుకున్నప్పుడు మైకు సర్దుకుని తాడేపల్లిగూడెంలో వాళ్లింటికే వెళ్లాను. వెళ్లకుండా ఉంటే బాగుండేది.

మా అక్క మంగళహారతులు పాడుతుంది. పేరంటంలో ఆమె గొంతెత్తితే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా గరిటె పక్కన పెట్టి వస్తారు. కార్తీక మాసానికి పన్నెండు పాటలు నెట్‌లో పెట్టాలని ఆమె కోరిక. “గొంతు బాగున్నప్పుడే ఒకచోట దాచుకోవాలిరా” అంది. ఆ గొంతును దాచే పని నాది. నా చెవి మీద నాకు మహా గర్వం.

బావగారిది బియ్యం వ్యాపారం. ఇంటి వెనకే మిల్లు. మధ్యాహ్నం భోజనాలకు మిల్లు ఆపే గంటలోనే మా రికార్డింగు. ఇంట్లో గదిగదికీ వెళ్లి చప్పట్లు కొట్టి చూశాను. హాల్లో గోడలు మారుమోగాయి, పడగ్గదిలో గంగాళంలో కొట్టినట్టు వినిపించింది. చివరికి వెనక గది తలుపు తీశాను. మూడు గోడలకూ కప్పుదాకా దాళ్వా పంట, అదే రెండో పంట ధాన్యం బస్తాలు. చప్పట్లు కొడితే చప్పుడు నా చేతుల దగ్గరే చచ్చిపోయింది. పెద్ద స్టూడియోల్లో దీనికోసం గోడలకు స్పాంజి కొట్టిస్తారు. నేను ఎగిరి గంతేశాను.

“కాస్త ముక్కిన వాసన వేస్తోందిరా” అంది అక్క గుమ్మంలోనే నిలబడి.

“వాసన మైకులో పడదులే” అన్నాను.

ఫ్యాను ఆపాను. కిటికీ వేశాను. తలుపు కింద సందులో పాత చీర కుక్కాను. ఎంబ్రాయిడరీ చట్రానికి పల్చటి గుడ్డ బిగించి మైకుకు అడ్డం పెట్టాను, ‘ప’లూ ‘భ’లూ పేలకుండా. మైకుకు జానెడు దూరంలో అక్కను నిలబెట్టి, మొహం కాస్త పక్కకు తిప్పి పాడమన్నాను. మొదటి పాట వినగానే నాకు ఒళ్లు జలదరించింది. గొంతు ఒక్కటే ఉంది, చుట్టూ గది లేదు.

తర్వాతంతా కంప్యూటర్ మీద పని. కింది గరగర కోయాలి, గట్టి మాటనూ మెత్తటి మాటనూ ఒక మట్టానికి తేవాలి, పాదానికీ పాదానికీ మధ్య పీల్చే ఊపిర్లు తీసెయ్యాలి. పాడేవాళ్లు గాలి పీల్చే చప్పుడును మా పనిలో అలాగే అంటాం. ఇంటి రికార్డింగును ఇంటిదని పట్టించేది ముందు అదే. అక్క పక్కన కూర్చుని చూస్తుంటే, “ఉండక్కా, నీ ఊపిర్లు తీసేస్తున్నాను” అనేవాణ్ణి. “తియ్యరా, నీ చేతుల్లోనే ఉంది నా ప్రాణం” అని పకపకా నవ్వేది. బావగారు కూడా నవ్వేవారు.

ఆషాఢంలో వానలు పట్టాయి. అడుగు బస్తాలకు చెమ్మ ఎక్కింది. మేం మసలుతుంటే గోనెసంచుల మీద నుంచి బూడిదరంగు దుమ్ము లేచేది, మూసిన గదిలో అది ఎక్కడికీ పోయేది కాదు. అయిదో పాట దగ్గర అక్క చరణం మధ్యలో ఆగింది. పైట అడ్డం పెట్టుకుని దగ్గింది. “మైకు ముందు దగ్గకే” అని కసురుకున్నాను. ఆ తర్వాత ఒక్క పాటా ఏకబిగిన రాలేదు. ముక్కలు ముక్కలుగా పాడించి అతికాను. నిలబడి పాడే మనిషి కుర్చీ అడిగింది. కుర్చీ కిర్రుమంటుందని బస్తా మీద కూర్చోబెట్టాను.

ఏడో పాట నుంచి రికార్డింగులో సన్నటి ఈల లాంటి చప్పుడు వచ్చేది. వైరు పాడైందనుకుని కొత్తది కొన్నాను. పోలేదు. సాఫ్ట్‌వేర్‌కు ముందుగా పది క్షణాల నిశ్శబ్దం వినిపిస్తే, అందులో ఏ చప్పుడుంటే దాన్ని పాటంతా వెతికి తుడిచేస్తుంది. “కదలకుండా ఉండక్కా, గది చప్పుడు పట్టాలి” అని ఆమెను మైకు ముందే ఉంచి ఆ పది క్షణాలూ తీసుకున్నాను. ఈల శుభ్రంగా పోయింది. గెలిచినట్టే అనిపించింది నాకు.

కార్తీకం వచ్చేసరికి పన్నెండూ పూర్తయ్యాయి. విన్నవాళ్లంతా ఏ స్టూడియోలో చేశారని అడిగారు. అక్కకేమో మేడ మెట్లెక్కితే ఆయాసం. బిందె ఎత్తితే గోడ పట్టుకుని నిలబడిపోయేది. బావగారు చెడ్డవారు కాదు, కానీ ఆ పాటలు ఆయన ఫోన్లో ఉన్నాయి. ఇంటికొచ్చిన చుట్టాలకు ఒకటి వినిపించి, “మీరే చెప్పండి, పాడేటప్పుడు రాని ఆయాసం పని చెప్తే వస్తుందాండీ?” అన్నారు. చుట్టాలు నవ్వారు. అక్క తల దించుకుని లోపలికెళ్లింది.

ఆ రోజే ఇంటికొచ్చి అసలు రికార్డింగులు తెరిచాను. తుడిచినదాన్ని మాత్రమే వినిపించే మీట ఒకటి ఉంది ఆ సాఫ్ట్‌వేర్‌లో, ఎప్పుడూ నొక్కలేదు. నొక్కాను. పాట లేదు, మాట లేదు. మనిషి గాలి పీలుస్తోంది. మొదటి పాటలో నెమ్మదిగా. ఏడో పాటకు ఈలతో. పన్నెండో పాటలో, పరిగెత్తి వచ్చినట్టు, ఒకదాని మీద ఒకటి. గది చప్పుడని నేను పట్టిన పది క్షణాల్లోనూ అదే ఈల. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాను. భయమేసింది, దానికి మించి సిగ్గేసింది.

మర్నాడే నేను పట్టుబట్టి ఏలూరులో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన అక్క వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

“ఎన్ని నెలల నుంచి అమ్మా ఇది?”

“తెలీదండీ” అంది అక్క.

“నెలలేంటండీ, పది రోజులే” అన్నారు బావగారు. “పోయిన నెల పాడిందండీ, వినండి” అని ఫోను తీశారు. ఆ గదిలో మా అక్క గొంతు హాయిగా, తడబాటు లేకుండా సాగింది. డాక్టరు ఒకసారి ఫోను వంక, ఒకసారి అక్క వంక చూశారు. అక్క కూడా అపరాధం చేసినదానిలా ఆ పాట వింటోంది. తన జబ్బు మీద తనకే అనుమానం వచ్చినట్టుంది.

“అది నిజం కాదండీ” అని లాప్‌టాప్ తెరిచాను.

డాక్టరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో పాటలో నేను తీసేసిన ఊపిర్లను తేదీ ప్రకారం విన్నారు. ఎక్కడ పాడించారని అడిగారు. చెప్పాను. ముక్కిన ధాన్యం మీది బూజు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కొందరికి ఇలా అవుతుందనీ, మొదట్లో వస్తే తేలికయ్యేదనీ, ఇప్పుడు పోయినంత పోగా మిగిలినదాన్ని కాపాడుకోవాలనీ అన్నారు. మళ్లీ పాడగలదా అని అడిగితే కాగితం మీద పరీక్షలు రాస్తూ ఉండిపోయారు. బావగారు ఫోను జేబులో పెట్టుకుని నేలకేసి చూస్తున్నారు.

“నన్నూ విననీరా” అంది అక్క.

హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకు పెట్టాను. కళ్లు మూసుకుని పన్నెండూ విన్నది. నా మీద అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. అవి తీసి ఒళ్లో పెట్టుకుని, గాలి అందాక, మెల్లగా అడిగింది.

“ఇదంతా నీకు వినపడుతూనే ఉందా తమ్ముడూ?”

“వినపడిందక్కా” అన్నాను.