పిచ్చి కాదు, పన్ను

మాది బందరులో ఎండుచేపల వ్యాపారం. వాకిట్లో వలలు పరిచి నెత్తళ్ళు ఎండబోస్తాం. ఆ వాసన మాకు తెలీదు. బస్సులో పక్కనావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే తప్ప, మా దగ్గర ఓ వాసనుందన్న సంగతే గుర్తుండదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా కుక్క ప్రాణం మీదికి తెచ్చింది అదే.

ఎర్రటి ఊరకుక్క వాడు. ఎనిమిదేళ్ళుంటాయి. పోయిన వేసవిలో తిండి మీద ధ్యాస తగ్గింది. చేపతల వేస్తే ఓ పక్కనే నమిలి వదిలేసేవాడు. వయసైపోతోందిలే అనుకున్నా. తర్వాత చొంగ కారడం మొదలైంది. దగ్గరికెళ్తే గుర్రుమనేవాడు. ఎదురింటి మావయ్య, మాకు చుట్టమేం కాదు, పిలుపంతే, ఓ పొద్దున ఎప్పట్లాగే వాడి మూతి నిమరబోయాడు. చటుక్కున కరిచాడు. చేతి మీద రెండు గాట్లు, నెత్తురు.

ఇంకేముంది, పిచ్చి పట్టిందన్నారు వీధంతా. చొంగ, గుర్రుమనడం, తిండి మానేయడం, ఇంకేం కావాలి వాళ్ళకి? మావయ్య ఆస్పత్రికెళ్ళి ఇంజెక్షన్లు మొదలుపెట్టించుకుని వచ్చాడు. మా అరుగు మీద కూర్చుని, నెమ్మదిగా అన్నాడు.

"రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి నువ్వే చూడమ్మాయ్. మేం చూస్తే బాగోదు."

అరిచుంటే నేనూ అరిచేదాన్ని. నాదేం తక్కువ నోరు కాదు. ఆ నెమ్మదికి మాత్రం తలూపాను. మా ఆయన వేటకెళ్ళి సముద్రం మీద ఉన్నాడు. అడగడానికి మనిషి లేడు.

గుడివాడలో మంచి కుక్కల డాక్టరున్నాడని మా వీధి చివర ఆటో నడిపే సాయిబు బాబాయ్ చెప్పాడు. చొంగ అంటితే ఆ బట్టలు నమాజుకి పనికిరావు. అయినా వెనక సీటు మీద గోనెపట్టా పరిచి ఎక్కించుకున్నాడు. కుక్క మూతికి తువ్వాలు చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకున్నా. దారంతా మూలుగుతూనే ఉన్నాడు. మొన్నే కదా నేను వాడి నోట్లో వేళ్ళు పెట్టి చేపముల్లు వెతికాను! ఉప్పుకి పగిలిన వేళ్ళు నావి. ఒక్కో పగులూ చూసుకుంటూ కూర్చున్నా. భయమేసింది, దాచుకోవడమెందుకు.

డాక్టరుగారు గదిలోకి వస్తూనే గుమ్మంలో ఆగిపోయారు. ఈ వాసన ఎన్నాళ్ళ నుంచని అడిగారు. మేం ఎండుచేపల వాళ్ళమండీ, అది మా బట్టల్లోదే అన్నాను.

"చేపల వాసన కాదమ్మా ఇది. దీని నోరు కుళ్ళిపోయింది."

నిరుడు వీధిలో టీకాలేసినప్పుడు ఇచ్చిన చీటీ చూశారు. చేతికి తొడుగులేసుకుని, గిన్నెలో నీళ్ళు పెట్టించారు. వాడు తల ఓ పక్కకి వంచి, ఆగి ఆగి తాగాడు. మింగగలుగుతున్నాడు, ఇది పిచ్చి కాదు నొప్పి అన్నారు. మత్తిచ్చాక నన్ను పిలిచి చూపించారు. పళ్ళ మీద గార పేరుకుని రాయిలా ఉంది. పైదవడలో పెద్ద పన్ను మొదట్లో చీము. నెలల తరబడి ముదిరిందట. మరే ఇంట్లో అయినా నోరు తెరిచిన మొదటి రోజే పట్టేసేవాళ్ళు. మా ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరం ఉండీ ఒక్కరికీ తెలీలేదు. ఛీ, నా ముక్కు మీద నాకే అసహ్యమేసింది.

మూడు పళ్ళు తీసి, గార గీకారు. పనయ్యేలోపు నాకో ఆలోచన వచ్చింది. కోరలు కూడా తీసేయండి, అవి లేకపోతే మా వీధివాళ్ళు బతకనిస్తారన్నాను. బాగున్న పళ్ళు తీయనమ్మా అన్నారాయన. కరిచాడు కాబట్టి పది రోజులు కట్టేసి ఉంచమన్నారు. పదో రోజు దాటి కులాసాగా ఉంటే కరిపించుకున్నాయనకి కూడా దిగులక్కర్లేదన్నారు.

తిరిగొచ్చి ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. పిచ్చికుక్కకి పళ్ళు పీకించుకొచ్చిందని నవ్వారు. మావయ్య నవ్వలేదు. వినీ విననట్టు తలుపేసుకున్నాడు.

పెరట్లో కట్టేశాను. మొదట్లో గంజి మాత్రమే తాగాడు. ఆరో రోజుకి పులుసన్నం పెడితే గిన్నె నాకేశాడు. తోకాడించాడు. ఎన్ని నెలలైందో వాణ్ణి అలా చూసి. ఆనందం పట్టలేక ఏడ్చేశాను.

ఎనిమిదో రోజు బజారులో గంప ఖాళీ చేసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. గొలుసు బిగుసుకుపోయి ఉంది. వాడి నోటి నిండా నురగ, ఊపిరి లేదు. పక్కన విస్తరాకు, అందులో మాంసం కలిపిన అన్నం మెతుకులు నాలుగు. వారం కిందటైతే ఆ ముద్ద ముట్టేవాడే కాదు. తినే నోరు తెచ్చిపెట్టింది నేనే. పెట్టిందెవరో అడగలేదు. ఎవరు చెప్తారు?

సాయంత్రం మావయ్య వచ్చాడు. పెరట్లోకి తొంగిచూసి, కట్టుకట్టిన చెయ్యి గుండెలకి అదుముకున్నాడు. పది రోజులు కాలేదు కదమ్మాయ్ అన్నాడు. మళ్ళీ గొంతు తగ్గించి అడిగాడు.

"పిచ్చి లేదని డాక్టరు గట్టిగానే చెప్పాడా?"

చెప్పారు. గట్టిగానే చెప్పారు. ఆ మాట ఆయనకి చెప్పకుండా, వంగి వాడి మెడలో గొలుసు విప్పాను.