జ్వరం అని పెట్టిన మెసేజ్

నా డైరీకి కూడా చెప్పని సంగతి ఒకటి ఉంది. పదో తరగతి నుంచి రోజూ రాస్తున్నాను. అమ్మ తిట్టిన రోజులు, చదివిన పుస్తకాలు, పొద్దున దండెం మీద ఆరేసిన తెల్ల చున్నీ సాయంత్రానికి బొగ్గు దుమ్ముతో బూడిదరంగుకు తిరిగిన రోజులు, అన్నీ అందులో ఉన్నాయి. ఇదొక్కటే లేదు. ఉంది గానీ, అబద్ధంగా ఉంది. ఐదేళ్లుగా ఆ అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలననుకుంటున్నాను.

స్వప్నతో మొదలుపెట్టాలి. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైన్లోనే, మాకు నాలుగిళ్ల అవతల ఉండేది. నాకంటే రెండేళ్లు పెద్ద. నలుగురున్న చోట నాకు నోరు పెగలదు. ఆమె పక్కన ఉంటే పెగలాల్సిన అవసరం ఉండేది కాదు. నాకు ఆమె అంటే ఇష్టం. స్నేహితురాలి మీద ఉండే ఇష్టం కాదు. తనకు అమ్మాయిలంటేనే ఇష్టమని ఆమే ఒకరోజు నాతో అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఎంతో మామూలుగా. అప్పుడైనా నా సంగతి చెప్పవలసింది. చెప్పలేదు. నేనూ అలాంటిదాన్నేనని మాత్రం ఆమె కనిపెట్టింది. ఎవరి కోసమో కనిపెట్టలేదు.

నెలకో ఆదివారం మమ్మల్ని అడవికి తీసుకుపోయే మనిషి శ్రీలతక్క. గోదావరి అవతల జైపూర్‌లో బట్టలు కుట్టేది. ఇంట్లోవాళ్లు పెట్టిన మగపేరుతో పిలిస్తే పలికేది కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ వెంట తునికాకు కోయడానికి తిరిగి తిరిగి అడవి నేర్చుకుంది. ఇంట్లో చెప్పుకోలేని సంగతి ఉన్నవాళ్లం, మొత్తం ఏడుగురం. వేరువేరు బస్సుల్లో మంథని దారిలో దిగి, విడివిడిగా నడిచి, ఒక వాగు ఒడ్డున కలిసేవాళ్లం. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి కొమ్మకు తగిలించేవాళ్లం. ఎవరైనా ఎదురైతే వనభోజనాలకు వచ్చామనాలి.

చేసేది పెద్దగా ఏమీ ఉండదు. చెప్పుల్లేకుండా ఇసుకలో నడవడం. చాలాసేపు మాట్లాడకుండా కూర్చోవడం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు కోసం బ్లాస్టింగ్ జరిగితే గూట్లో గిన్నెలు అదిరే ఇంట్లో పెరిగాను నేను. ఆకు రాలితే చప్పుడవుతుందని నాకు ఇరవై ఒకటో ఏట తెలిసింది.

ఒక ఆట కూడా ఉండేది. జతలు కట్టాలి. ఒకరి కళ్లకు చున్నీ కడితే, రెండోవారు చెయ్యి పట్టుకుని ఒక చెట్టు దగ్గరికి నడిపించాలి. బెరడు, వేళ్లు, తొర్ర, అన్నీ తడిమి చూసి వెనక్కి రావాలి. కట్టు విప్పాక తన చెట్టేదో తానే వెతికి పట్టుకోవాలి. మొదటిసారి నేను వేళ్ల కొసలతో తాకుతుంటే శ్రీలతక్క నవ్వింది.

"ఏందే, చెట్టును ముట్టుమంటే కాలిన పెంక ముట్టినట్టు చేస్తున్నవ్? కరవదది. కావలిచ్చుకో. ఎవ్వలు చూస్తలేరు."

అందరూ నవ్వారు. నేను కావలించుకున్నాను. నల్లమద్ది చెట్టు. బెరడు గరుగ్గా చెంపకు తగిలింది. కళ్లకు కట్టిన చున్నీ లోపల ఎందుకో ఏడ్చాను.

ఎవ్వలు చూస్తలేరు. ఆ మాట కోసమే అంతదూరం పోయేవాళ్లమేమో.

ఆ యేడు స్వప్నకు ఒక ఆశ ఉండేది. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో పనిచేసి పనిచేసి ఊపిరాడని మనిషయ్యాడు. ఇక పనికి రాడని డాక్టర్లు రాస్తే ఆ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఎవరికన్నది తండ్రి చెప్పాలి. తమ్ముడు అప్పటికి ఇంకా ఇంటర్. అందుకని కాగితాల మీద స్వప్న పేరు రాశారు. "నౌకరొస్తే క్వార్టరొస్తదే. లోపలి గొళ్లెం నేనే పెట్టుకుంట, నేనే తీస్త. ఎవ్వలు తలుపు కొట్టిన నా ఇష్టం" అనేది. ఆమె కోరింది అంతే. లోపలి నుంచి పెట్టుకునే ఒక గొళ్లెం.

అప్పుడే బసంత్‌నగర్ నుంచి రేష్మా రావడం మొదలైంది, మాలో ఒకరు మానేసిన చోట్లోకి. గట్టిగా నవ్వే పిల్ల. నవ్వి, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అంతకుముందు ఆటలో నా జత ఎప్పుడూ స్వప్నే. ఆ ఆదివారం స్వప్న తన చున్నీ తీసి రేష్మా కళ్లకు కట్టింది. ఏడుగురిలో జతలు కడితే ఒకరు మిగులుతారు. నేను మిగిలాను. అంతకుముందు మిగిలినవాళ్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. స్వప్నా రేష్మా చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. రేష్మా జుట్టులో చిన్న ఆకు చిక్కుకుని ఉంది. స్వప్న దాన్ని తీసింది. తీసి పారెయ్యలేదు. గుప్పిట్లో పెట్టుకుంది.

నేను చూశాను. ఆ రోజు డైరీలో చెట్ల పేర్లు మాత్రమే ఉన్నాయి.

తర్వాతి నెల, మళ్లీ కలవబోయే ఆదివారానికి ముందు శుక్రవారం. పొద్దున అమ్మ ఇంట్లో లేదు. అన్న డ్యూటీ దిగి వచ్చాడు. ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్టరు దగ్గర లారీ నడుపుతాడు. నేను బస్సు దిగడం వాళ్ల దోస్తు ఎవరో చూశాడట.

"ఎవడాడు?"

"ఎవడన్నా?"

"మంథని బస్సు దిగి ఎవనికోసం పోతున్నవ్ అడవిలకు? పేరు చెప్పు."

"ఎవ్వడు లేడన్నా. ఒట్టు."

"మగోడు లేంది అడవిల ఏం పనే నీకు? చెట్లకు పాఠాలు చెప్తున్నవా?"

ఇక్కడ ఆగిపోయి ఎన్నిసార్లు ఆలోచించానో. ఏదో ఒక మగపేరు చెప్పి ఉండొచ్చు. లేని మనిషి పేరు. రెండు దెబ్బలు తినేదాన్ని, కాలేజీ మానిపించేవాళ్లు, నాలుగు నెలల్లో మరిచిపోయేవాళ్లు. అబ్బాయి లేడని నిరూపించుకోవాలన్న తొందరలో నేను నిజం చెప్పాను. నిజం కూడా కాదు.

"అక్కడ మగోళ్లుండరన్నా. అంత అసుంటోళ్లే. స్వప్న తీస్కపోయింది. నాకు తెల్వక పోయిన. ఇగ పోను."

అసుంటోళ్లు. ఆ మాట నా నోటితోనే అన్నాను. అన్న కోపం ఒక్కసారిగా దిగిపోయింది. మెల్లగా అడిగాడు, మళ్లీ ఎప్పుడు కలుస్తారని. ఎల్లుండి అన్నాను. దిగే స్టేజీ చెప్పాను. వాగు చెప్పాను. నల్లమద్ది చెట్టు దగ్గర ఎడమకు తిరగాలని కూడా చెప్పాను. అది అతను అడగలేదు.

రెండు రోజులు టైముంది. ఫోను నా చేతిలోనే ఉంది. నేనేం చేశాను? డైరీ తీసి మూడు పేజీలు రాశాను. భయమైంది, అన్న కొడతాడని భయమైంది, భయంలో నోరు జారింది అని రాశాను. రాసి మూసేసరికి చేయవలసిందేదో చేసేసినట్టు అనిపించింది.

శనివారం మధ్యాహ్నం స్వప్నకు మెసేజ్ పెట్టాను. జ్వరం వచ్చింది, రేపు నేను రాను. వెంటనే జవాబు వచ్చింది. గోలి వేసుకుని పడుకో, వచ్చినంక కలుస్త.

దాని కింద ఇంకో మాట టైపు చేశాను. మీరు కూడా పోకండి. మూడే మాటలు. చాలాసేపు వాటిని చూస్తూ కూర్చున్నాను. తర్వాత చెరిపేశాను.

ఎందుకు? భయం అని డైరీలో ఉంది. అది అబద్ధం. ఒక్క మెసేజ్ పెడితే అన్నకు తెలిసేదే కాదు, ఆ సంగతి నాకు తెలుసు. ఆ మూడు మాటలు చెరిపేస్తున్నప్పుడు నా కళ్ల ముందు అన్న లేడు. గుప్పిట్లో దాచుకున్న ఆకు ఉంది. వాళ్లకు దెబ్బలు తగలాలని కోరుకున్నానా? లేదనే అనుకుంటాను. ఆ వాగు మూతపడాలనుకున్నాను. నేను మిగిలిపోయిన చోటు ఎవరికీ లేకుండా పోవాలనుకున్నాను. ఐదేళ్లుగా నేను రాయనిది ఇదే.

ఆదివారం ఏం జరిగిందో నేను చూడలేదు. అన్న మధ్యాహ్నం వచ్చి, చేతులు కడుక్కుని, అన్నం తింటూ అమ్మకు చెప్పాడు. తనూ తన దోస్తులూ కలిసి ఆరుగురు పోయారు. శ్రీలతక్క చీర గుంజి వీడియో తీశారు. మిగతావాళ్లు పారిపోయారు. రేష్మా రాళ్లలో పడి లేవలేకపోతే స్వప్న ఆగింది. ఇద్దరినీ కొట్టి ఇసుకలో కూర్చోబెట్టి, స్వప్న వాళ్ల నాన్నకు ఫోన్ చేసి రప్పించారు. బండి రోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కణ్నుంచి వాగు దాకా, ఊపిరాడని ఆ మనిషిని నడిపించారు.

"చెట్టు చెట్టుకు ఆగిండమ్మా ముసలోడు" అని అన్న నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. నేను తిన్నాను. తినగలిగాను.

ఆ వారంలోనే వాళ్ల నాన్న కాగితాలు మార్చాడు. స్వప్న పేరు తీసేయించాడు. ఇప్పుడు ఆ ఉద్యోగం తమ్ముడు చేస్తున్నాడు. మొదటి షిఫ్టుకు పోతూ ఎదురైతే బండి ఆపి, "మంచిగున్నవా అక్కా" అని అడుగుతాడు. మంచిగున్నానంటాను. శ్రీలతక్క దుకాణం ఆ నెలలోనే మూతపడింది. నిజామాబాద్ పోయిందని ఒకరన్నారు, బతికి లేదని ఇంకొకరన్నారు. రెండింటిలో ఏది నిజమో నేను కనుక్కోలేదు. కనుక్కోవచ్చు. కనుక్కోలేదు. రేష్మా ఏమైందో తెలియదు. అన్న నా మీద ప్రేమగానే ఉంటాడు. నన్ను కాపాడాననుకుంటాడు. నేను కూడా అసుంటిదాన్నేనని అతనికి ఈనాటికీ తెలియదు.

ఇది రాస్తుంటే గుండె కొంచెం తేలికపడుతోంది. ఆ తేలికను నేను నమ్మను. ఆ శుక్రవారం మూడు పేజీలు రాసినప్పుడు కూడా ఇలాగే తేలికపడ్డాను. తేడా ఒక్కటే, అప్పుడు రాసింది అబద్ధం. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. స్వప్నకు చెప్పాలా? చెబితే ఎవరి బరువు తగ్గుతుంది, ఆమెదా, నాదా? చెప్పకపోవడానికి నేను వెతుక్కున్న ఇంకో సాకేమో ఇది కూడా. నాకు తెలియడం లేదు.

చివరిసారి ఆమెను చూసింది మా బస్టాండులో. పెద్దపల్లిలో మేనమామ ఇంట్లో ఉంచడానికి తీసుకుపోతున్నారు. లైబ్రరీకని ఇంట్లో చెప్పి వచ్చాను. మామ నీళ్ల సీసా కొనడానికి పోయాడు. రెండు నిమిషాలు దొరికాయి. పెదవి మీద గాయం ఎండి నల్లబడింది. నన్ను చూడగానే అడిగింది, "జ్వరం తగ్గిందా?"

తగ్గిందన్నాను.

"మనోళ్లల్లనే ఎవరో చెప్పిన్రే. లేకుంటే ఆ జాగ వాళ్లకెట్ల ఎర్కైతది? నీకేమన్న తెలుసా?"

తల అడ్డంగా ఊపాను. తెలియదని నోటితో అనడానికి కూడా నాకు ధైర్యం లేకపోయింది. మామ సీసా పట్టుకుని వస్తున్నాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"పోనియ్, ఎవలైతేంది. నువ్వు ఆ దినం అక్కడ లేవు. నాకు గదొక్కటే నిమ్మళం."