ఒమన్ గుట్ట మీద నేను కట్టిన కాలనీ

ఒక గుంపును మొత్తం, పెద్ద సార్లతో సహా, తప్పుడు కొండ నెత్తికి ఎక్కించిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, ఆ మనిషిని నేనే. చేసింది సర్వనాశనం పనే, ఒప్పుకుంటాను. కానీ సిగ్గుపడుతూ చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ చెయ్యి దానంతటదే మీసం మీదికి పోతుంది.

మాది కోరుట్ల. ఒమన్‌లో ఒక కంపెనీలో పరంజా పైపులు కట్టే పని నాది. నా రూములో ఉండే రాజేశం సిరిసిల్లవాడు, మరమగ్గాలు వదిలేసి వచ్చాడు. మా సేఫ్టీ ఆఫీసరు జోసఫ్ సార్ మలయాళీ. సెలవు రోజు హాయిగా ముసుగుతన్ని పడుకోవడం ఆయనకు చేతకాదు. శుక్రవారం వచ్చిందంటే చాలు, ఎడారిలో మనిషి జాడ లేని కొండ ఎక్కడుందో వెతికి, పొద్దంతా నడిచి, దాని నెత్తికెక్కి దిగితే గానీ ఆయనకు అన్నం సయించదు. వెంట ఆఫీసు వాళ్లు కొందరు పోతుంటారు.

నేను ఆ పిచ్చికి ఆమడ దూరంలో ఉండేవాణ్ని. కానీ ఒక రాత్రి మా అక్షర ఫోన్ చేసింది. నా బిడ్డ, ఆరో తరగతి.

"బాపూ, మాకు ఎడారుల పాఠం నడుస్తున్నది. మా బాపు ఎడారిల గుట్టెక్కి వీడియో కాల్‌ల సూపిస్తడని టీచర్‌కు జెప్పిన. శుక్రారం మద్యాన్నం క్లాసుల అందరికి సూపిద్దామన్నది."

"నన్ను ఒక్క మాట అడగకుండనే జెప్పినవా?"

"మరేం జెయ్యాలె? మా క్లాసుల హాసిని ఏమన్నదో ఎరికేనా? మీ బాపు ఎక్కేది కట్టే బిల్డింగులే, గుట్టలు గాదన్నది. అందరు నవ్విండ్రు బాపూ."

చివరి మాట దగ్గర దాని గొంతు సన్నబడింది. ఇక నేను ఆగుతానా. ఆ దిక్కున అన్నిటికన్నా పెద్ద గుట్ట మీద నిలబడి చూపిస్తానని అప్పటికప్పుడు మాటిచ్చేశాను. తెల్లారి జోసఫ్ సార్ కాళ్లావేళ్లా పడి గుంపులో చేరాను, రాజేశాన్ని కూడా లాక్కుపోయాను.

శుక్రవారం ఇంకా చీకటి ఉండగానే వ్యాను బయలుదేరింది. జోసఫ్ సార్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఎట్లా నడవాలో, ఏం చూసుకోవాలో హిందీలో పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. నేను, రాజేశం ఒక్క ముక్క వినలేదు. వీడియోలో ఏ చొక్కా బాగుంటుందని మా ఇద్దరికీ వాదన. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా సంచిలో వేరే పెట్టుకున్నాను. పైకెక్కాక మార్చుకోవాలని.

కొండ కింద దిగి తలెత్తి చూస్తే, దారి అనేదే లేదు. మెట్లు లేవు, చెట్టు లేదు, ఆఖరికి కోతి కూడా లేదు. కోతి లేని గుట్టను నేను చూడడం అదే మొదలు. కాలు పెడితే రాయి జారుతుంది, చెయ్యి పెడితే రాయి కాలుతుంది. అయితేనేం, రోజూ పైపులు మోసే ఒళ్లు నాది. కాసేపట్లోనే నేనూ రాజేశం ముందుకు దూసుకుపోయాం. కంప్యూటర్ల ముందు కూర్చునే సార్లు ఎక్కడో కింద మిగిలిపోయారు. వెనక్కి తిరిగి చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

అప్పుడు రాజేశం ఆగాడు.

"అన్నా, గిటు సూడు. రాయి మీద రాయి పేర్చిండ్రు."

నిజమే. నాలుగు రాళ్లు ఒకదాని మీద ఒకటి, ఎవరో ముచ్చటగా పేర్చి పెట్టారు. మా దిక్కు దేవుని గుట్టలెక్కిన వాళ్లు, సొంత ఇల్లు కావాలని మొక్కుకుని దారి పక్కన ఇట్లాగే పేరుస్తారు. ఎన్ని రాళ్లు నిలిస్తే అన్ని అంతస్తులు. గల్ఫ్‌కు వచ్చిన మావాణ్ని ఎవణ్నయినా అడగండి, ఎందుకొచ్చావంటే ఇల్లు కట్టుకోవడానికే అంటాడు.

"మనోళ్లే ఎవలో అచ్చి మొక్కిపోయిండ్రు తమ్మీ," అన్నాను. పరాయి ఎడారిలో సొంతూరివాడు ఎదురైనట్టు గుండె నిండిపోయింది. "మనం గూడ కడదాం."

"గీడ అన్ని గుండ్రటి రాళ్లే ఉన్నయన్నా, నిలబడయి."

మంచి బల్లపరుపు రాళ్లు ఎడమ పక్క గట్టు మీద కనిపించాయి. అటు తిరిగాం. నాది మూడంతస్తులు లేపాను, కింద కిరాయికి రెండు దుకాణాల మడిగెలు కూడా పెట్టాను. రాజేశం ఒక్క అంతస్తుతో ఆపేశాడు.

"గంతేనా?"

"నాకు గంతే సాలు. పక్కకు మగ్గాల షెడ్డు కావాలె."

ఇంత చక్కని రాళ్లు దొరికాక ఒక్క ఇంటితో చెయ్యి ఆగుతుందా? ఇంకాస్త పైకెక్కి మా చెల్లెకొకటి, ఇంకాస్త ఎక్కి మా బావమరిదికొకటి కట్టాను. బావమరిదిది కావాలనే కొంచెం చిన్నగా కట్టాను. ఆ గట్టు పట్టుకుని అట్లా కట్టుకుంటూ శిఖరం దాకా పోయాం. చెమట తుడుచుకుని, తెల్ల చొక్కా వేసుకుని, ఫోన్ కలిపాను.

తెర నిండా పిల్లలే. ముందు నా బిడ్డ.

"సూడుండ్రి, మా బాపు," అంది. ఆ గర్వం చూడాలి మీరు.

"పిల్లలూ, గిదే ఒమన్ ఎడారి. నేను నిలబడ్డది అన్నిటికన్న పెద్ద గుట్ట," అని ఫోను నాలుగు దిక్కులా తిప్పాను.

"బాపూ," అంది అక్షర మెల్లగా. "నీ ఎనక గా గుట్ట ఇంకా పెద్దగున్నది గదా?"

తిరిగి చూశాను. ఉంది. అన్యాయంగా పెద్దది. క్లాసంతా గొల్లుమంది. నా బిడ్డ తల దించుకుంది. సరిగ్గా అప్పుడే జోసఫ్ సార్ రొప్పుతూ పైకొచ్చాడు, వెనక గుంపంతా.

"ఇది మన కొండ కాదు, మనది అదిగో అది," అన్నాడాయన చుట్టూ చూసి. "ఆ కొత్త రాళ్లు ఎవరు పేర్చారు?"

"ఇండ్లు సార్," అన్నాడు రాజేశం. "కోరుట్ల అన్నవి మూడు, నాదొకటి."

"ఇళ్లా? అవి దారి గుర్తులు. ముందు పోయినవాళ్లు పెట్టిన రాళ్లు చూసుకుంటూ నడవమని వ్యానులో గంటసేపు చెప్పాను కదా. మేమంతా నీ ఇళ్లు పట్టుకునే వచ్చాం."

ఆ తిట్లు నా చెవికి ఎక్కలేదు. తెరలో నా బిడ్డ నడినెత్తి పాపిట మాత్రమే కనిపిస్తోంది.

"తలెత్తు బిడ్డా," అన్నాను. "బడి ఇడిసేలోపు మళ్ల జేస్త. టీచరమ్మా, జర ఒక్క ఫోనుకు మళ్ల అవకాశం ఇయ్యుండ్రి."

రెండు శిఖరాల మధ్య లోయలాంటి పల్లం. అందులోకి దిగి మళ్లీ ఎక్కాలి. జోసఫ్ సార్ అందరి నీళ్ల సీసాలు చూశాడు, నా మొహం చూశాడు, ఫోన్లోకి కూడా ఒకసారి తొంగి చూశాడు. "నడవండి," అన్నాడు. దారి పొడుగునా ఆయన తిడుతూనే ఉన్నాడు, నేను ఎక్కుతూనే ఉన్నాను. మోకాళ్లు దోక్కుపోయాయి, తెల్ల చొక్కా మట్టి రంగుకొచ్చింది. రాజేశం చివర్న నా సంచి కూడా మోశాడు, వాడి మేలు ఈ జన్మలో మరిచిపోను.

పైకెక్కాం. చుట్టూ ఎటు చూసినా నాకన్నా ఎత్తున ఆకాశం తప్ప ఏమీ లేదు. ఫోన్ కలిపి కిందికి తిప్పి, మొదటి గుట్టను చూపించాను. ఇక్కడి నుంచి అది మోకాలెత్తు కూడా లేదు.

"అందరు ఒక్క గుట్టనే ఎక్కుతరు," అంది అక్షర క్లాసు వైపు తిరిగి. "మా బాపు రెండెక్కిండు."

చప్పట్లు ఎడారి దాకా వినిపించాయి. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, చెమటని అబద్ధం చెప్పను.

"బాపూ, నీ ఎనక గా సారు కూసోని ఏం జేస్తుండు?"

తిరిగి చూశాను. పొద్దుటి నుంచి నన్ను తిట్టిన జోసఫ్ సార్, అందరికీ వీపు పెట్టి కూర్చుని, రాయి మీద రాయి పేరుస్తున్నాడు. రెండో అంతస్తు మీదున్నాడు.

"ఏంది సార్?"

"ఇక్కడ పెడితే ఎవరూ దారి తప్పరు," అన్నాడు మొహం తిప్పకుండా. "ఊళ్లో స్థలం ఉంది. పదేళ్లుగా ఇల్లు లేవడం లేదు."

ఇది చదివే మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకముందు ఏ కొండ మీదా, ఎంత చక్కని రాళ్లు కనిపించినా, నేను ఇల్లు కట్టను. మా బావమరిది బతిమాలినా కట్టను. కడితే కోరుట్లలోనే కడతాను, ఇటుకలతో, మున్సిపాలిటీ పర్మిషన్ తీసుకుని.