ముందు ఏసయ్య

ఉదయం ఏడూ నలభైకి నిడదవోలు రైలుగేటు పడి మా బస్సు ఆగిపోయింది. నా పక్కన ఒక తల్లీ, ఇరవై దాటినా చిన్నపిల్ల బుద్ధే ఉన్న ఆమె కూతురూ కూర్చున్నారు.

“పరలోక జపం ఇంకొక్కసారి చెప్పవే, బంగారం,” అంటోంది తల్లి. కూతురు కిటికీ ఊచ పట్టుకుని ఊగుతోంది.

తల్లి గేటు వైపు చూసి, చేతి గడియారం చూసుకుని, నా వైపు తిరిగింది. “ఇవాళ చర్చిలో దీనికి మొదటి సత్ప్రసాదమండి. అది మామూలు రొట్టె కాదు, ఏసయ్యేనని దీనికి తెలుసనిపిస్తేనే నోట్లో పెడతానన్నారు ఫాదర్ గారు. తెలుసో లేదో నాకే తెలీదండి.”

నా సంచిలో రెండు పాలకోవా బిళ్ళలున్నాయి. రెండోది మా తమ్ముడిది. వాడూ ఈ అమ్మాయిలాంటివాడే. వాడు చనిపోయి నెల దాటినా అలవాటుగా వాడికీ కొంటున్నాను. దాన్ని ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

“అయ్యయ్యో, పూజకి ముందు ఏమీ తినకూడదండి!” అంటూ తల్లి లాక్కోబోయింది.

అమ్మాయి ఇవ్వలేదు. నోట్లోనూ పెట్టుకోలేదు. ఓణీ చెంగున మెల్లగా ముడివేసుకుంది.

“ముందు ఏసయ్య. తర్వాత కోవా,” అంది.

గేటు ఎత్తారు. దిగేదాకా తల్లి మళ్ళీ జపం చెప్పమనలేదు.

నేను ఇప్పుడు రెండో కోవా కొనడం లేదు.