చేతుల్లేని కుర్చీ

బిట్రగుంటలో రైల్వే క్వార్టర్ల ఎదుట నేను సెలూన్ పెట్టింది యాభైల చివర్లో. మద్రాసు నుంచి రైల్లో తెప్పించిన చేతుల కుర్చీ, దాని ముందు నిలువుటద్దం. మా నాయన కత్తుల పొది చంకన పెట్టుకుని ఇంటింటి అరుగూ తిరిగిన మనిషి. ఆ కుర్చీ చూసి ముక్కున వేలేసుకున్నాడు. "జనం నీ దగ్గరికి వచ్చేదేందిరా, మనం గదా పోవాల్సింది!"

ఆ క్వార్టర్లలో ఉండే రైలు గార్డు గారు ప్రతి శనివారం సాయంత్రం వచ్చేవారు, ఆదివారం చర్చికి గడ్డం నున్నగా ఉండాలని. ఆయనదీ బోగోలు దగ్గర మా ఊరే, ఊరి బయట పేట. భారీ మనిషి. ఆ కుర్చీ చేతుల మధ్య ఓ పక్కకు ఒరిగి, ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. లేచాక తొడలు రుద్దుకుంటూ నవ్వేవారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలుగేళ్లు! ఆయనకు సరిపడా ఓ బల్లయినా వేయాలని తోచలేదు. నా బుద్ధి గడ్డి తింది.

ఓ శనివారం కత్తి ఆయన గొంతు దగ్గరుండగా కుర్చీ కాలు ఫటుక్కున విరిగింది. ఆయన ఒరిగిపోయారు. దవడ కింద తెగింది. నేను లేపబోతే కుర్చీ కూడా ఆయన నడుముకు బిగుసుకుని పైకి లేచింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇంకో రెండు వేళ్లు కిందికి తెగి ఉంటే? ఆ భయంలో, ఆ కోపంలో, వాళ్లను కసరాల్సింది పోయి ఆయనతోనే అన్నాను.

"సార్, ఇంక మీరు ఇక్కడికి రావద్దు. నేనే మీ ఇంటికొచ్చి చేస్తా."

దేవుడి తోడు, మర్యాద చేశాననే అనుకున్నాను. మా వృత్తిలో ఇంటికి పోయి చేసేది పెద్దవాళ్లకే.

ఆయన రుమాలు దవడకు అదుముకున్నారు. "మీ నాయన మా పేటకు ఏనాడూ కత్తి తీసుకుని రాలేదబ్బయ్యా. మా నాయన గడ్డం ఆయనే గీక్కున్నాడు. నలుగురితో పాటు ఈ కుర్చీలో కూర్చోవాలనే నేను వచ్చేది," అన్నారు. గొంతు పెంచలేదు. మళ్లీ రాలేదు.

ఆయన అన్నది అక్షరాలా నిజం.

వడ్రంగిని పిలిచి టేకుతో, దిట్టమైన కాళ్లతో, చేతుల్లేని వెడల్పాటి కుర్చీ చెయ్యమన్నాను. వాడూ ఆ చర్చివాడే. చర్చిలో ఆయన కూర్చునే చోటును ఎవరూ చూడకుండా జానలతో కొలుచుకొచ్చాడు. కుర్చీ తయారైంది. ఇక నేను వెళ్లి పిలవడమే తరువాయి. క్వార్టరు ఎంత దూరం? కేకేస్తే వినపడేంత. కానీ ఏ మొహం పెట్టుకుని పోను? ఈ శనివారం, వచ్చే శనివారం అనుకుంటూ నెలలు గడిపాను. పైగా పాడు రోషమొకటి: కుర్చీ సంగతి ఆయన చెవిన పడే ఉంటుంది, రాకూడదా? గార్డు గారు గడ్డం పెంచారని, చర్చిలో వెనక బల్లకు మారారని వడ్రంగి చెబితే, "నీ పని చూసుకోరా!" అని వాడి మీద ఎగిరాను.

ఎండాకాలంలో ఒకనాడు గార్డు గారు డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కూర్చున్నచోటే పోయారు. కబురు వినగానే కత్తి తీసుకుని పరుగెత్తాను. వాకిట్లో వడ్రంగి ఆయన శవపెట్టెకు పలకలు కోస్తున్నాడు. కొలత తీసుకున్నావా అని అడిగితే తలెత్తలేదు.

"వెడల్పు ఉంది గదన్నా. నీ కుర్చీకి తీసిందే."

గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉన్నారు. నా చేతిలో కత్తి చూశారు. నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

"ఇంటికొచ్చి చేస్తానన్నావంట గదా," అని పక్కకు తప్పుకున్నారు. "చెయ్యి నాయనా."

చేశాను. కత్తి జారి దవడ కింద, పాత గాటు పక్కనే తెగింది. రక్తం రాలేదు.