తగ్గించి చెప్పిన మాట

పదో తరగతి గదిలో ఆమె నిలబడే చోటును ఎవరూ ఆక్రమించరు. నల్లబల్లకు పక్కగా, పాఠం చెప్పే మాస్టారికి అరడుగు వెనక. అక్కడ నిలబడితేనే వినపడని పిల్లలకు మాస్టారి ముఖమూ ఆమె చేతులూ ఒకే చూపులో అందుతాయి. ఎప్పుడూ ముదురు రంగు బట్టలే వేసుకుంటుంది, పూలూ గీతలూ లేనివి. వేళ్లకు ఉంగరం ఉండదు, గోళ్లకు రంగు ఉండదు. కొత్తగా పక్కవాటాలోకి దిగిన ఆవిడ ఇది చూసి, పాపం ఈమెకేదో పెద్ద దుఃఖం ఉందనుకుని కొన్నాళ్లు గొంతు తగ్గించి మాట్లాడింది. అసలు సంగతి తెలిశాక ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. చేతులు మాట్లాడాలంటే వెనకున్న బట్ట నోరు మూసుకోవాలి కదండీ అని ఆమె వివరణ.

ఆమె సైగల దుబాసీ. మాస్టారి నోటి మాటను చేతుల్లోకి, పిల్లల చేతి మాటను నోట్లోకి మారుస్తుంది. వినపడని పిల్లలు ఒకరికొకరు పేర్లు సైగల్లోనే పెట్టుకుంటారు. చూపుడు వేలూ మధ్య వేలూ జోడించి అటూ ఇటూ ఊపితే ఆమె పేరు. నోటితో పిలిచే పిల్లలు దాన్ని ‘అటూఇటూ అక్క’ చేశారు.

ఆమె పనికి ఒకటే కట్టుబాటు. ఎవరి మాట చెబుతోందో వాళ్లే తనన్నట్టు ‘నేను’ అని చెప్పాలి. పెంచకూడదు, తగ్గించకూడదు. దీంతో చిక్కులు లేకపోలేదు. ఒకసారి లెక్కల మాస్టారు బల్ల మీద ఒక లెక్కతో చాలాసేపు కుస్తీ పట్టి, ఎవరికైనా అనుమానాలున్నాయా అని అడిగారు. మూడో బెంచీలో ఒక చెయ్యి కదిలింది. అక్క నిబ్బరంగా పలికింది.

“ఈ లెక్క నాకు రాదు. మీక్కూడా రాదని నా అనుమానం.”

మాస్టారు గిరుక్కున తిరిగారు. “ఏంటమ్మా, మీకా అనుమానం?”

“నాకు కాదండీ. మూడో బెంచీకి.”

ఈ పని ఆమెకు చదువుతో రాలేదు, ఇంట్లోనే అబ్బింది. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వినపడదు, ఆమె పెద్దకూతురు. ఆ ఇంట్లో దెబ్బలాటలు కూడా దీపం కిందే జరగాలి. తల్లికి ఇక చాలనిపిస్తే లేచి స్విచ్ ఆర్పేసేది. చీకట్లో తండ్రి చేతులు ఇంకాసేపు గాలిలో వాదించి, చివరికి నవ్వొచ్చి ఆగిపోయేవి. ఇంటి యజమాని వచ్చి నోటికొచ్చినట్టు మాట్లాడితే, ఆ మాటల్ని తండ్రికి చేరవేయాల్సింది ఏడెనిమిదేళ్ల ఆ పిల్లే. తిట్లన్నీ ఆ చిన్న చేతుల్లో పడి మర్యాదలైపోయేవి. ‘ఎంత మంచివాడమ్మా’ అనుకునేవాడు తండ్రి. పెద్దయ్యాక శిక్షణలో మొట్టమొదట మానిపించింది ఆ అలవాటునే. మానేశాననే అనుకుంది.

ఆ ఏడాది పదో తరగతిలో ఇద్దరు స్నేహితురాళ్లుండేవారు. ఒకరికి వినపడదు. ఏది విన్నా, అంటే చూసినా, ఒక కనుబొమ్మ పైకి లేపుతుంది గనక ఆమె పేరు కనుబొమ్మ. రెండో అమ్మాయికి వినపడుతుంది. ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీలో కూర్చుని సైగలన్నీ నేర్చేసుకుంది. దళసరి అద్దాలు పెట్టుకునే ఆమె పేరు కళ్లజోడు. ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్లు, మూడోవాళ్ల మీద కలిసి చాడీలు చెప్పుకునేవాళ్లు.

కనుబొమ్మ దగ్గర పెన్నులాంటిది ఒకటుందని, దాన్ని పీలిస్తే పండ్ల వాసనతో పొగ వస్తుందని క్లాస్ టీచర్‌కు చెప్పింది కళ్లజోడే. ఈ-సిగరెట్. మొదట సరదాకి పట్టుకున్నది, ఇప్పుడు పీరియడ్ పీరియడ్‌కీ బాత్రూమ్‌కు పరిగెత్తిస్తోంది. హెడ్ మేడమ్ కనుబొమ్మ తల్లిని పిలిపించారు.

తల్లి ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లూ మందునీళ్లూ కలిసి ఆమె అరచేతుల తోలు ఊడదీశాయి. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, కుర్చీ అంచున కూర్చుంది. తల్లీకూతుళ్ల మధ్య ఉన్న సైగలు చాలా తక్కువ. తిను, రా, పడుకో, వద్దు. అంతకు మించిన మాట ఏదైనా మధ్యలో అక్క ఉంటేనే నడుస్తుంది. సాక్షిగా కళ్లజోడు కూడా తలుపు పక్కన నిలబడింది.

ఎప్పుడు కావాలంటే అప్పుడు మానగలనని కనుబొమ్మ మొదట బుకాయించింది. మరి ఇప్పటిదాకా ఎందుకు మానలేదని హెడ్ మేడమ్ అడిగారు. ఆ పిల్ల కాసేపు నేల చూసింది. తర్వాత చేతులు ఎత్తి, తల్లి వైపే తిరిగి, నెమ్మదిగా చెప్పింది. ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకుని లాగినా ఆ చెయ్యి నోటిదాకా వెళ్లిపోతున్నట్టు చూపించింది. మానలేకపోతున్నాను. ఎన్నిసార్లో పారేశాను. పారేసిన చెత్తబుట్టలోనే చెయ్యి పెట్టి వెతుక్కుని మళ్లీ తీసుకున్నాను. నాకు భయంగా ఉంది.

అక్క నోరు తెరవబోతూ తల్లి చేతుల వైపు చూసింది. ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న, పొట్టు రేగిన చేతులు.

“కొంచెం కష్టంగా ఉంది, మానడానికి” అని చెప్పింది.

తల్లి ఊపిరి పీల్చుకుంది. “అంతేనా. కష్టమైతే మాత్రం, మానెయ్యమనండి. వద్దంటే వద్దు, అంతే.”

ఈ మాటను మాత్రం అక్క ఉన్నదున్నట్టు కూతురి ముందుంచింది. కనుబొమ్మ కళ్లు మూసుకుంది. వినపడనివాళ్లు కళ్లు మూసుకున్నారంటే ఎదుటివాళ్ల నోరు మూసేసినట్టే. ఇక ఎవరు చేతులూపినా లాభం లేదు. హెడ్ మేడమ్ అది సిగ్గనుకున్నారు. ఇంకెప్పుడూ ముట్టనని మాట తీసుకుని పంపించేశారు.

నెల తిరిగేలోపు గొడవ ముదిరింది. కనుబొమ్మ బెంచీ మారింది, కళ్లజోడు ఎదురొస్తే ముఖం తిప్పుకునేది. ఒక మధ్యాహ్నం వెనక మెట్ల మీద మళ్లీ పొగ పీలుస్తుంటే కళ్లజోడు చూసి ఆ పెన్ను లాక్కుంది. కనుబొమ్మ ఒక్క తోపు తోసింది. ఆ పిల్ల పెట్టుకున్న జోడు ఎగిరి మెట్ల మీద పడింది. అది చాలదన్నట్టు కనుబొమ్మ కాలితో తొక్కింది. కొట్టుకునే పిల్లల్ని భరించడం తన వల్ల కాదనీ, సాయంత్రంలోగా ఇద్దరూ సర్దుకోకపోతే కనుబొమ్మను బడి నుంచి పంపేస్తాననీ హెడ్ మేడమ్ తేల్చేశారు.

అక్క ఖాళీగా ఉన్న సైన్సు గది తాళం అడిగి తీసుకుంది.

పిల్లల తగాదాల్లో ఆమెకొక పద్ధతుంది. ఎవరి గోడు వాళ్లు చెప్పుకోవడానికి వీల్లేదు. ఎదుటివాళ్ల గోడు చెప్పాలి, అదీ ‘నేను’ అని. తప్పు చెబితే అవతలివాళ్లు సరిదిద్దుతారు, ఔననేదాకా మళ్లీ చెప్పాలి. చాలాసార్లు సగంలోనే ఎవరో ఒకరికి నవ్వొచ్చి గొడవ నీరుగారిపోయేది. ఈసారి ఆ ఆశ లేదు. జోడు లేక కళ్లజోడుకు చేతులు మసగ్గా కనిపిస్తున్నాయి. ఇష్టమున్నా లేకపోయినా ఇద్దరూ మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోవాల్సొచ్చింది.

కనుబొమ్మ మొదలుపెట్టింది, వెటకారంగానే. నేను చాలా మంచిదాన్ని, టీచర్ల ముద్దుబిడ్డని, స్నేహితురాళ్లను పట్టిచ్చి మార్కులు కొట్టేస్తాను. కళ్లజోడు అడ్డంగా తల ఊపింది. రెండోసారీ అదే వరస, రెండోసారీ కాదనే జవాబు. మూడోసారి కనుబొమ్మ చేతులు నెమ్మదించాయి. నేను బాత్రూమ్ తలుపు తీసేసరికి నువ్వు దగ్గుతూ గోడకు జారగిలబడి ఉన్నావు. నాకు కాళ్లూచేతులూ ఆడలేదు. అందుకే చెప్పేశాను. కళ్లజోడు ఔనన్నట్టు తల దించుకుంది.

తర్వాత కళ్లజోడు వంతు. నేను మానాలనే చూశాను. పారేశాను, చెత్తబుట్టలోంచి మళ్లీ తీసుకున్నాను. మానలేకపోతున్నానని అమ్మకు చెప్పాను. అక్కడిదాకా వచ్చి ఆ పిల్ల చేతులు ఆగాయి. అక్క వైపు ఒకసారి చూసి, చివరికి పూర్తి చేసింది. కానీ ఆ మాట అమ్మకు చేరలేదు.

చేరిందంది కనుబొమ్మ. అమ్మ మొత్తం విని కూడా ‘మానెయ్, అంతే’ అంది, ఇంకెవరికి చెప్పుకోవాలి, అందుకే నీ ముఖం కూడా చూడబుద్ధి కాలేదు, నువ్వు టీచర్‌కు చెప్పకపోతే అమ్మ ఆ మాట అనేదే కాదు.

“మీ అమ్మ విన్నది అది కాదు” అంది కళ్లజోడు, చేతులతోనూ నోటితోనూ ఒకేసారి. ఆ రోజే అక్కను అడగాలనుకుందట. అక్క పెద్దది, అన్నీ తెలిసినది, ఏదో ఆలోచించే అలా చెప్పి ఉంటుందనుకుని ఊరుకుంది.

 కనుబొమ్మ అక్క వైపు తిరిగి, ఏం చెప్పావని సైగ చేసింది. ఎన్నాళ్లుగానో ఆ చేతులు ‘నేను’ అని ఊళ్లోవాళ్లందరి తరఫునా చెప్పాయి. ఇప్పుడు తన తరఫున చెప్పాలి.

కొంచెం కష్టంగా ఉందని చెప్పాను, అంది.

“కొంచెమా” అంది కనుబొమ్మ. ఆ సైగకు బొటనవేలూ చూపుడువేలూ చాలు. వాటి మధ్య సందులోంచి ఆ పిల్ల అక్కను చాలాసేపు చూసింది. ఎందుకలా చెప్పావని అడిగింది.

“మీ అమ్మ చేతులు చూశాను.”

“నా చేతులు చూడాల్సింది కదా.”

 కళ్లజోడు తన రుమాలు తీసి స్నేహితురాలికి ఇచ్చింది. కాసేపటికి కనుబొమ్మే, విరిగిన జోడు తనకిమ్మని చెయ్యి చాచి, వంకర పోయిన పుల్లను గోటితో సరిచేయడానికి కూర్చుంది. సరికాలేదు. అయినా ఇద్దరూ దాని మీదికే వంగి ఉండిపోయారు.

జరిగింది అక్క వెళ్లి హెడ్ మేడమ్‌కు చెబితే ఆమె తల పట్టుకున్నారు. ఇద్దరూ రాజీపడ్డారు కదా, అది చాలు అన్నారు. తల్లిని పిలిపించి, అమ్మాయికి ఇప్పుడు ఎక్కువైందని చెబితే సరిపోతుంది, పాత సంగతి తవ్వితే మీ ఉద్యోగానికే ముప్పు అని కూడా అన్నారు. ఆ మాటలో బెదిరింపు లేదు, నిజంగా మంచికోరే చెప్పారు. అక్క ఒప్పుకోలేదు. అలా చెబితే కూతురు ఆ రోజు దాచిపెట్టిందనుకుంటుంది తల్లి. దాచలేదు, ఆ పిల్ల మొత్తం చెప్పింది. మధ్యలో పోగొట్టింది తను.

మర్నాడు హెడ్ మేడమ్ గదిలో, అదే కుర్చీ అంచున తల్లి కూర్చుంది, పక్కనే కనుబొమ్మ నిలబడింది. ఆ రోజు నేను మీ అమ్మాయి మాట తగ్గించి చెప్పానమ్మా, అసలు మాట ఇది అని అక్క మొదలుపెట్టింది. చెయ్యి నోటిదాకా వెళ్లిపోవడం, చెత్తబుట్ట, భయం, ఒక్కటీ వదల్లేదు. తల్లి అక్క వైపు తిరిగింది.

“పిల్ల నాకు ఇంత చెప్పుకుంటే, మీరు నాకు ‘కొంచెం’ అని చెప్పారా?”

“అవునమ్మా.”

“ఈ నెలంతా దాన్ని తిట్టాను. మొన్న చేతుల మీద కొట్టాను కూడా. ఇది తెలిస్తే కొడతానా?” హెడ్ మేడమ్ వైపు తిరిగింది. “ఈవిడ చెప్పేదేదీ నేనిక నమ్మను. ఇంకెవర్నైనా పిలిపించండి.”

కనుబొమ్మ అక్క చేతుల వైపే చూస్తోంది. అక్క చేతులెత్తింది. ఈ నెలంతా నిన్ను తిట్టాను. కొట్టాను. తెలిస్తే కొట్టేదాన్ని కాదు. నేనిక ఈవిడను నమ్మను. తన మీద పడిన ఆ మాటను తనే ‘నేను’ అని చెబుతున్నప్పుడు ఆమె వేళ్లు ఎక్కడా తొట్రుపడలేదు. కనుబొమ్మ తల్లి వైపు తిరిగింది. తల్లి ఏదో సైగ చేయబోయింది. ఉన్న నాలుగు సైగల్లో పనికొచ్చేది దొరక్క, చెయ్యి చాపి ‘రా’ అంది.

అలవాటు మాన్పించే డాక్టరు దగ్గరికి ఆ వారమే తీసుకెళ్లారు. వేరే దుబాసీని మాట్లాడారు, ఒక కుర్రాయన. కనుబొమ్మ మాత్రం అక్కను కూడా రమ్మంది, లోపలికి కాదు, బయట కూర్చోమంది. అక్క వెళ్లింది. కళ్లజోడు కూడా వచ్చింది.

ఆ గది తలుపుకు పైసగం అద్దం. కుర్చీలు సరిగ్గా దానికెదురుగా ఉన్నాయి. కొత్త జోడులోంచి కళ్లజోడుకు లోపలి చేతులు స్పష్టంగా కనబడుతున్నాయి. అక్కా, చెబుతోంది, మెట్ల సంగతి కూడా చెబుతోంది అని గుసగుసలాడింది. చూడొద్దంది అక్క. తలుపు సందులో చెవి పెట్టి వినడం ఎలాంటిదో అదీ అలాంటిదే అంది. కుర్చీ ఎత్తి గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. కాసేపు గునిసి కళ్లజోడు కూడా తన కుర్చీ తిప్పుకుంది. గోడ మీద చూడ్డానికేమీ లేదు. తను టీచర్‌కు చెప్పడం తప్పా అని కళ్లజోడు గోడనే చూస్తూ అడిగింది. తప్పు కాదు, కానీ కనుబొమ్మకు ముందే చెప్పి వెళ్లి ఉంటే ఇంకా బాగుండేదంది అక్క.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కొత్త దుబాసీ, చొక్కా వీపంతా చెమటతో, మంచినీళ్ల కోసం బయటికొచ్చాడు. అక్కను గుర్తుపట్టి ఆగాడు.

“ఇంకా చాలా టైం పట్టేట్టుందండీ” అన్నాడు వేళ్లు విరుచుకుంటూ. “వాళ్లమ్మగారు ప్రతి మాటా రెండేసి సార్లు చెప్పించుకుంటున్నారు.”

“చెప్పండి” అంది అక్క. “అడిగినన్నిసార్లూ చెప్పండి.”

అతను నీళ్లు తాగి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆమె గోడ వైపే చూస్తూ కూర్చుంది.